మీ ఇంటి తివాచీ ఏ నారది?

వానలు మొదలైన దగ్గర్నుంచి తివాచీల మీదే ఉత్తరాలు వస్తున్నాయి. వాసన అని ఒకరు, మరక అని ఒకరు, పురుగు అని ఇంకొకరు. అన్నీ వరసగా చదివితే ఒకటే కనిపించింది. రంగు చూశారు, సైజు చూశారు, ధర బేరమాడారు, కానీ అది ఏ నారతో చేసిందో మాత్రం ఎవరూ అడగలేదు. నన్నడిగితే దుకాణంలో మొట్టమొదట అడగాల్సిన మాట అదే. నూలు, జనపనార (జూట్), ఊలు, కొబ్బరి పీచు... నీళ్లు తగిలినప్పుడు దేని తీరు దానిదే, ఒకదానికి పనికొచ్చిన చిట్కా ఇంకోదాన్ని పాడుచేస్తుంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లోంచి ఆరు తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, మా ఇంటికి సముద్రపు గాలి బాగా తగులుతుంది. హాల్లోకి ఆన్‌లైన్‌లో లేత రంగు జూట్ రగ్గు తెప్పించాం. మొన్న బాబు నీళ్ల సీసా ఒలకబోస్తే పైపైన తుడిచి వదిలేశాను. తెల్లారేసరికి అక్కడ టీ పోసినట్టు గుండ్రంగా చార. సబ్బు పొడి వేసి రుద్దితే అది ఇంకా పెద్దదైంది. ఇప్పుడు ముక్క వాసన కూడా వస్తోంది. ఒట్టి నీళ్లకి మరక ఎలా వచ్చింది?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ఆ మరక నీళ్లలోంచి రాలేదు, నారలోంచే వచ్చింది. జనపనారలో సహజంగా ఉండే గోధుమరంగు పదార్థం తడి తగలగానే కరిగి, ఆ తడి ఆరుతూ పైకి వస్తున్నప్పుడు దాంతోపాటే పోగుల చివరలకి చేరుతుంది. నీళ్లు ఆవిరైపోతాయి, రంగు మిగిలిపోతుంది. తడి ఎంతవరకు పాకిందో అక్కడే గట్టులాగా ఆగుతుంది కాబట్టి మధ్యలో కన్నా అంచున చార ముదురుగా కనిపిస్తుంది, మీది కూడా అలాగే ఉంటుంది చూడండి. సబ్బు పొడి క్షారం, అది ఈ రంగుని ఇంకా ఎక్కువ లాగుతుంది. పైగా రుద్దడానికి మళ్లీ నీళ్లు పోశారు, అందుకే పెద్దదైంది.

ఇప్పుడు చేయాల్సింది ఇది. లీటరు నీళ్లలో రెండు మూడు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి స్ప్రే సీసాలో పోయండి, లేదంటే చిటికెడు నిమ్మఉప్పు అయినా సరే. ముందు రగ్గు కింద మూలలో ఎక్కడైనా కొంచెం కొట్టి, ఆరనిచ్చి, రంగు మారలేదని చూసుకోండి. తర్వాత చార మీదా, దానికి బెత్తెడు బయట దాకా పలుచగా కొట్టి, పొడి తెల్ల తువ్వాలు పెట్టి అరచేత్తో గట్టిగా అద్దండి. అద్దాలి, రుద్దకూడదు. తువ్వాలుకి లేత పసుపు గోధుమరంగు అంటుతుంది, అంటితే పని జరుగుతున్నట్టే. వెంటనే రగ్గు కింద రెండు ప్లాస్టిక్ స్టూళ్లు పెట్టి పైకి ఎత్తి, అటూ ఇటూ గాలి ఆడేలా ఫ్యాన్ పెట్టేయండి. ఆ నారకి నెమ్మదిగా ఆరడమే చేటు. చార పూర్తిగా పోతుందని మాటివ్వలేను కానీ చాలావరకు పలచబడుతుంది. ముక్క వాసనకి, రగ్గు బాగా ఎండిన తర్వాతే, పొడి వంటసోడా చల్లి గంటసేపు ఉంచి వాక్యూమ్ చేయండి. తడి మీద చల్లితే మళ్లీ క్షారం కథే.

మీ ఊరి గాలికి జనపనార అంత మంచి జోడీ కాదని కూడా చెప్పాలి. మామూలు వాతావరణంలోనే అది తన బరువులో దాదాపు 14 శాతం తేమని పట్టుకుని ఉంటుంది, నూలుకైతే ఆ లెక్క 8.5 శాతం. సముద్రం పక్కన, వానాకాలంలో, ఇంకా ఎక్కువ తాగుతుంది. చేత్తో తాకితే పొడిగానే ఉన్నట్టుంటుంది, తిరగేస్తే నేలకి ఆనిన వైపు తెల్లగా బూజు. కాబట్టి వానలున్న మూడు నాలుగు నెలలూ దాన్ని చుట్టి, నిలబెట్టి, మీ ఇంట్లో బాగా పొడిగా ఉండే గదిలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో కాదు, పాత దుప్పటిలో. మళ్లీ దీపావళి దాటాక పరుచుకోండి. తడిస్తే ఈ నార బలం కూడా తగ్గుతుంది, అందుకే కడగొద్దంటాను. నేనొకసారి డాబా మీద పైపు పెట్టి మరీ కడిగాను, రెండ్రోజులు ఎండబెట్టాక అట్టలా బిగుసుకుపోయి ఒక మూల పైకి లేచింది. ఆ మూల మీద బియ్యం బస్తా పెట్టి వారం ఉంచినా మళ్లీ చదునుగా పడుకోలేదు.

కొత్త జూట్ రగ్గుల్లో కిరసనాయిలు లాంటి వాసన వస్తోందని ఇంకో ఇద్దరు రాశారు. అది బూజు కాదు. నార మెత్తబడటానికి మిల్లులో నూనె, నీళ్లు కలిపి పట్టిస్తారు, ఆ నూనె వాసన. నాలుగు రోజులు నీడలో గాలికి పరిస్తే తగ్గుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పండించే గోగునార కూడా ఈ కోవదే, మనం ఆకు తెంపి పచ్చడి చేసుకునే గోంగూర మొక్క కాండం నుంచి తీసేదే. దాంతో అల్లిన రగ్గుకి కూడా పైన చెప్పిందంతా వర్తిస్తుంది.

ప్రశ్న: అక్కా, మాది ఫ్లాట్. డైనింగ్ టేబుల్ కింద ఏదైనా పరుద్దామంటే ఇద్దరు చిన్నపిల్లలు, రోజూ పప్పుచారు, కూర ఏదో ఒకటి కింద పడుతూనే ఉంటది. మా అత్తమ్మ వరంగల్ జంపఖానా కొనుమంటున్నది. నిజంగా ఆగుతదా? అసలుది ఎట్ల గుర్తుపట్టాలి?
— ఒక చెల్లెలు, మియాపూర్, హైదరాబాద్

జవాబు: మీ అత్తమ్మ మాట వినండి. భోజనాల బల్ల కింద నూలుకి మించింది లేదు. కారణం ఒక్కటే, నూలు తడిస్తే బలహీనపడదు, ఇంకా గట్టిపడుతుంది. అందుకే బండకేసి ఉతికినా మన పంచెలూ తువ్వాళ్లూ అన్నేళ్లు ఆగేవి. ఊలు తివాచీ మీద సాంబారు పడితే టెన్షన్, జంపఖానా మీద పడితే ఉతుకుతాం, అంతే.

నేను వరంగల్‌లోనే పెరిగాను. కొత్తవాడలో ఏ సందులోకి వెళ్లినా మగ్గం చప్పుడు వినిపించేది. పడుగు (నిలువు దారాలు) బిగించి, రంగు పేకని (అడ్డ దారాన్ని) వేళ్లతో లోపలికి తోసి, దువ్వెనలాంటి పంజాతో దబదబా కొడతారు. ఆ దెబ్బకి పేక ఎంత దగ్గరగా కూర్చుంటుందంటే పడుగు దారం అసలు కనిపించదు. చారలు, మెట్లు, ఎరుపు పక్కన నీలం, నీలం పక్కన ఆకుపచ్చ. ఆ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది.

గుర్తుపట్టడానికి మూడు సంగతులు చెప్తాను. తిరగేసి చూడు, మగ్గం మీద నేసిన డిజైన్ అయితే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కుచ్చులు పట్టుకుని చూడు, నేతలో వాడిన పడుగు దారాలే చివర ముడివేసి కుచ్చులయి ఉండాలి. విడిగా కుట్టిన కుచ్చులైతే అంచున కుట్టు కనిపిస్తుంది, అది మిషన్ సరుకు. మూడోది, చేనేత మార్కు ఉందేమో అడుగు. ఒక జాగ్రత్త కూడా ఉంది. ఇప్పుడు జంపఖానాల మీద కలంకారీ అచ్చులు కూడా వేస్తున్నారు, వాటికి డిజైన్ ఒకవైపే ఉంటుంది. అంతమాత్రాన నకిలీ అనుకోకు, అప్పుడు డిజైన్ కాదు, నేతని తిరగేసి చూడాలి.

కొనే ముందు తెల్ల జేబురుమాలు తడిపి, గట్టిగా పిండి, ముదురు ఎరుపు ఉన్న చోట ఇరవై సార్లు రుద్దు. నల్ల రంగు మీద కూడా. కొంచెం అంటితే ఫర్వాలేదు, మొదటి ఉతుకులో పోతుంది. రుమాలు గులాబీరంగుకి తిరిగితే ఆ ముక్క వదిలేయ్. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని దుకాణంలో చెప్తారు, రంగు సరిగా పట్టని దారానికి ఉప్పు ఏమీ చేయలేదు.

సైజు దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. టేబుల్ కొలత కాదు, కుర్చీ వెనక్కి జరిపినప్పటి కొలత తీసుకోవాలి. బల్లకి అన్ని వైపులా కనీసం 2 అడుగులు బయటికి రావాలి, అప్పుడే కుర్చీ వెనక కాళ్లు అంచుకి తగలకుండా ఉంటాయి. 5×3 అడుగుల బల్లకి 9×7 అన్నమాట. నేల మీద పాత న్యూస్‌పేపర్లు ఆ సైజులో పరిచి, ఒకసారి అందరూ కూర్చుని లేచి చూడండి, ఇంకే లెక్కా అక్కర్లేదు.

ఇక కూర పడినప్పుడు. ముందు చెంచాతో అంచు నుంచి మధ్యకి ఎత్తేయాలి, తర్వాత అద్దాలి. నూనె తేలే కూరైతే దాని మీద శనగపిండి పోసి అరగంట వదిలేస్తే నూనె పిండిలోకి వస్తుంది. పసుపు మరకకి సబ్బు పెట్టగానే ఎర్రగా మారి గుండె ఝల్లుమంటుంది, భయపడకు. పసుపుకి క్షారం తగిలితే అలా తిరగడం దాని స్వభావం, కుంకుమ అలాగే కదా తయారవుతుంది. బాగా నీళ్లతో కడిగేసి ఎండలో వేయి. పసుపు రంగు ఎండకి నిలవదు, రెండు మూడు పూటల్లో నీకే తేడా తెలుస్తుంది. మరక పోగానే ఎండలోంచి తీసేయ్, రోజంతా అక్కడే ఉంటే జంపఖానా సొంత రంగు కూడా వెలుస్తుంది.

ప్రశ్న: మా తాతగారి కాలం నాటి ఊలు తివాచీ ఒకటి ఉంది, ఏలూరులో నేయించిందని నాన్నగారు చెప్పేవారు. మొన్న దివాన్ జరిపి చూస్తే దాని కింద ఒక జానెడు మేర దూది రాలిపోయినట్టు బోసిగా ఉంది. దగ్గర్లో బియ్యపు ఊకలాంటి పొట్టు. ఇది ఏ పురుగు? కలరా ఉండలు చల్లాను. డ్రైక్లీనింగ్‌కి ఇవ్వొచ్చా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఆ కలరా ఉండలు ఏరి బయట పడేయండి. బహిరంగంగా చల్లితే ఆవిరి నిలవదు కాబట్టి పురుగుకి ఏమీ కాదు, మనకి మాత్రం తలనొప్పి. ఇంట్లో పసిపిల్లలుంటే అవి మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది, అది చాలా ప్రమాదం.

ఊకలాంటిది ఆ పురుగు విడిచిన పొట్టు. ఊలుని తినే పురుగులు రెండు రకాలు, బట్టలు కొట్టే చిమ్మెట ఒకటి, చిన్న పెంకుపురుగు ఇంకొకటి. రెండింటిలోనూ తినేది పిల్లపురుగులే. గోధుమరంగులో, వెంట్రుకలతో, బియ్యపుగింజ కన్నా చిన్నగా ఉంటే పెంకుపురుగు పిల్ల. సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపిస్తే చిమ్మెట. ఏదైనా వైద్యం ఒకటే. వాటికి కావలసింది చీకటి, కదలని చోటు. అందుకే నడిచే చోట తివాచీ బాగానే ఉంటుంది, దివాన్ కింద తినేస్తుంది.

తివాచీని మంచి ఎండ ఉన్న రోజు డాబా మీద బోర్లా పరవండి. వెలుతురు, వేడి తగిలితే పిల్లపురుగులు బయటికి పాకుతాయి. గంటకోసారి మెత్తటి బ్రష్‌తో వెనకవైపు, ముందువైపు దులపండి. అది ఉన్న చోట నేల పగుళ్లూ, దివాన్ కాళ్ల కిందా, గోడ వారా వాక్యూమ్ చేసి, ఆ సంచీ వెంటనే బయటపడేయండి. రెండు వారాలకి మళ్లీ అదే పని, ఎందుకంటే గుడ్లు దులిపితే పోవు, అవి పొదిగి పిల్లపురుగులయ్యాకే దులిపితే పోతాయి. ఒక్కసారి చేసి ఊరుకున్నవాళ్లే నాకు మళ్లీ ఉత్తరం రాస్తారు.

ఉతికించే విషయంలో మాత్రం తొందరపడకండి. మా ఇంట్లో ఒక చిన్న ఊలు తివాచీ ఉండేది, వీధి చివర లాండ్రీకి ఇచ్చాను. చాకలి సోడా వేసి ఉతికారు. తిరిగొచ్చేసరికి మెరుపు పోయి, పైనున్న నూగు గరగరలాడుతూ, వేళ్లకి గీరుకునేలా ఉంది. ఊలు అంటే గొర్రె జుట్టే కదా, సోడా, బ్లీచింగ్ దానికి శత్రువులు. బ్లీచింగ్ ద్రావణంలో ఊలు పోగు వేసి వదిలేస్తే కరిగిపోతుంది కూడా. పాతకాలంలో మన పట్టుచీరలు కుంకుడు రసంతో ఉతికింది అందుకే, ఊలుకి కూడా అదే నప్పుతుంది. పలచటి, చల్లటి కుంకుడు రసం, లేదా తలకి వాడే మెత్తటి షాంపూ కొంచెం. కానీ మీ తివాచీ అంత పాతదైతే అది కూడా ఇంట్లో వద్దు. తడిసిన పెద్ద తివాచీ బరువు ఇద్దరు మనుషులకి లొంగదు, ఎత్తేటప్పుడు పడుగు తెగుతుంది.

వెనక్కి తిప్పి ఒకసారి చూడండి. చేతి ముడుల తివాచీ అయితే వెనక వైపు కూడా డిజైన్ స్పష్టంగా కనిపించి, ఒక్కో గింజలాగా ముడి లెక్కపెట్టేలా ఉంటుంది. అలా ఉంటే, ఆ బోసి మేరని మళ్లీ ముడులు వేసి బాగుచేయించొచ్చు. పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు మొఘలుల కాలంలో ఏలూరుకి తెచ్చిన పని ఇది, తంగెళ్లమూడి వైపు ఆ నేత తరతరాలుగా ఉంది. అక్కడికి తీసుకెళ్లి చూపించండి. మీ ఊరికి ఏలూరు గంటన్నర దూరం. కత్తిరించి చిన్నది చేసుకోమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినొద్దు, కోసిన చోట నుంచి ముడులు ఊడటం మొదలవుతుంది.

ప్రశ్న: ఎగ్జిబిషన్‌లో పట్టు తివాచీ అని 6 వేలకి కొన్నాం. తళతళా మెరుస్తోంది. నీళ్లు పడిన చోట పసుపు పచ్చగా గట్టిపడింది. పట్టేనా?
— రాజమండ్రి నుంచి

జవాబు: కాదండీ. ఆ ధరకి అసలైన పట్టు తివాచీ రావడం కష్టం. అది ఆర్ట్ సిల్క్, అంటే చెట్టు గుజ్జుతో చేసిన విస్కోస్. తడిస్తే బలం బాగా తగ్గిపోయి, ఎండాక మీరు చెప్పినట్టే గట్టిపడి పచ్చబడుతుంది. కుచ్చు నుంచి ఒక పోగు తెంపి, బయట గిన్నెలో పెట్టి వెలిగించండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద నల్లగా పొడి అయితే పట్టో ఊలో. కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద మిగిలితే నూలో విస్కోసో. కరిగి, చల్లారాక పూసలా గట్టిపడితే ప్లాస్టిక్. ఈసారి కొనేటప్పుడు సిల్క్ మార్కు చూడండి. దీన్ని నీళ్లు తగలని పడకగదిలోకి మార్చి వాడుకోండి.

ప్రశ్న: మా కొబ్బరితోటల దేశంలో పీచు పట్టాలు చవక. బాత్రూమ్ ముందూ, పూజగదిలోనూ అవే వేద్దామనుకుంటున్నాను. సరేనా? కిత్తనార రగ్గు ఎలా ఉంటుంది?
— అమలాపురం

జవాబు: వాకిట్లో వేయండి, వరండాలో వేయండి. కొబ్బరి పీచు నీళ్లకి బెదరదు, పాత పద్ధతిలో దాన్ని తీయడానికే కొబ్బరి డొక్కల్ని నెలల తరబడి నీళ్లలో ఊరబెడతారు. చెప్పుల బురద గీకేయడానికి దాన్ని మించింది లేదు. పూజగదిలో మాత్రం వద్దు, గంటసేపు మోకాళ్ల మీద కూర్చుంటే చర్మం మీద అచ్చులు పడతాయి. అక్కడికి తుంగచాప హాయి. బాత్రూమ్ ముందు నూలు పట్టా మేలు, రెండు కొని రోజు మార్చి రోజు ఎండేయండి. ఇక కిత్తనార (సిసల్) రగ్గు. అది గట్టిది, ఎక్కువమంది నడిచే చోట బాగా ఆగుతుంది, కానీ గరుకు, పైగా నీటిచుక్క పడితే మచ్చ కట్టేస్తుంది. పాకే పిల్లలున్న ఇంట్లో వద్దు.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. ఈసారి ఇండియా వచ్చినప్పుడు రెండు జంపఖానాలు తెచ్చుకున్నాం, చాలా బాగున్నాయి. చెక్క నేల మీద వేస్తే జారుతున్నాయి. పోయిన నెల మా అమ్మ వచ్చింది, రెండో రోజే జారి పడబోయింది, సోఫా పట్టుకుని నిలబడింది. చిన్నవాడు కాలు తగిలి మడత మీద పడ్డాడు. రగ్గు కింద వేసే ప్యాడ్ ఏది కొనాలి?
— ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: అమ్మగారికి దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. జంపఖానాకి వెనక బరువుండదు, పలచన, పైగా రెండు వైపులా నునుపు. ఉత్త నేల మీద ఎప్పుడూ వేయకూడదు, మన మార్బుల్ నేల మీద అయినా అంతే. చవకలో దొరికే రంధ్రాల ప్లాస్టిక్ షీట్ తీసుకోకండి, కొన్నాళ్లకి అది పాలిష్‌కి అంటుకుపోయి, తీసినప్పుడు నేల మీద జిగురు గళ్లు మిగులుతాయి. సహజ రబ్బరు, ఫెల్టు కలిపి చేసినది, చెక్క నేలకి పనికొస్తుందని రాసి ఉన్నది అడగండి. రగ్గు కన్నా అన్ని వైపులా అంగుళం తక్కువగా కత్తిరించండి, అప్పుడు అంచు నేలకి వాలుతుంది, కాలికి తగలదు. మూడు నెలలకోసారి ఎత్తి కింద ఇసుక దులపండి, ఆ ఇసుకే చెక్క మీద గీతలు పెట్టేది. రోబో వాక్యూమ్ వాడుతుంటే కుచ్చుల్ని కిందికి మడిచి నాలుగు కుట్లు వేయండి, లేకపోతే అవి దాని చక్రంలోకి పోతాయి.

ఒక్కటి మాత్రం మీకు గట్టిగా చెప్తున్నాను. అమ్మగారు రాత్రి లేచి బాత్రూమ్‌కి వెళ్లే దారిలో, ప్యాడ్ ఉన్నా సరే, చిన్న రగ్గు ఏదీ ఉంచకండి. ఆవిడ ఉన్నన్నాళ్లూ మంచం పక్కన జంపఖానా ఉంటే దాన్ని తీసి గోడకి వేలాడదీయండి, పై అంచున సన్నని కర్ర దూర్చే గొట్టంలా బట్ట కుట్టి ఆ కర్రని రెండు కొక్కేలకి తగిలిస్తే సరిపోతుంది. మేకులు కొడితే ఆ బరువుకి నేత సాగుతుంది.